మణిపూర్ రోడ్డుకి మూడు రోజులు

కోహిమా వెళ్దామనగానే మా ఆవిడ "పోయి పోయి శ్మశానం చూడ్డానికా?" అంది. నిజమే, మూడు రోజులు సెలవు దొరికితే అరకో, కేరళో అనాలి మనిషన్నవాడు. నేను రెండు వారాలుగా మ్యాపు ముందేసుకుని కూచున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. మా తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. 1942లో ఆ నగరం జపాను వాళ్ల చేతికి చిక్కినప్పుడు లక్షల మంది ఇండియా దారి పట్టారు. వాళ్లలో ఆయనొకడు. టము, పాలెల్, ఇంఫాల్, కోహిమా. కొండల మీదుగా వచ్చి ఆయన రైలెక్కిన స్టేషను పేరు మణిపూర్ రోడ్. చిన్నప్పుడు అదేదో వీధి పేరనుకునేవాణ్ని. ఇవాళ్టి దిమాపూరే అదని టిక్కెట్లు వెతుకుతుంటే తెలిసింది. నడక గురించి ఆయన పెద్దగా చెప్పేవాడు కాదు. ఏ ఊరి పెళ్లికెళ్లినా చేతిసంచీలో పాత పంచె ముక్కలో కాస్త ఉప్పు మూటగట్టి పెట్టుకునేవాడు. ఎందుకు తాతా అంటే నవ్వేసేవాడు.

ఆయన ఇల్లు చేరకముందే, ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. ఏ యుద్ధాన్ని తప్పించుకుని వచ్చాడో అది ఆయనకంటే ముందొచ్చి గుమ్మంలో కూచుంది.

ఆయన నడిచిన ఆ దారి మీదే రెండేళ్లకి పెద్ద పోరు. 1944 ఏప్రిల్ 4న జపాను 31వ డివిజన్ కోహిమా మీద పడింది. డిప్యూటీ కమిషనర్ బంగళా పక్క టెన్నిస్ కోర్టుకి అటువైపు జపాను వాళ్లు, ఇటువైపు బ్రిటిష్, ఇండియా సైనికులు. మధ్యన గ్రెనేడ్లు. బంతి ఎగరాల్సిన దూరం మరి! ఆ కోర్టు గీతలు అక్కడి యుద్ధ శ్మశానవాటికలో ఇప్పటికీ తెల్లటి కాంక్రీటులో కనిపిస్తాయట. జూన్ 22న గానీ ఇంఫాల్ దారి మళ్లీ తెరుచుకోలేదు. గ్యారిసన్ హిల్ మీది ఆ వాటికలో 1,420 సమాధులున్నాయి. దహనమైన హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లు వేరే స్మారకం మీద చెక్కారు. ఆ లెక్క చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. దారిలో కలరాకీ ఆకలికీ రాలిపోయిన మిల్లు కూలీలని ఎవరు లెక్కెట్టారు? అయినా వాళ్లకి రాయి ఎక్కడని పాతుతారు? ఒక్కచోట పడిపోయారా ఏమన్నా!

ప్లాను మాత్రం చిన్నదే. ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్లో తీసుకోవాలి. మొదటి రోజు కలకత్తా మీదుగా దిమాపూర్, అక్కణ్నుంచి టాక్సీలో డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. డిసెంబరు మొదట్లో హార్న్‌బిల్ పండగ, గదులు దొరకవు. ఆదివారం ఊరంతా చర్చిలో ఉంటుంది, టీకొట్టు కూడా కష్టమే. రెండో రోజు మొత్తం గ్యారిసన్ హిల్‌కే. "గంటలో అయిపోతుంది నాన్నా, మిగతా టైమంతా ఏం చేస్తావ్?" అని మావాడి గోల. రాళ్ల మీద వయసులు చదువుతూ తిరిగేవాడికి గంటేం సరిపోతుంది?

ఇంఫాల్, మొయిరాంగ్‌లోని ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం కూడా రాసుకున్నాను గానీ 2023 మే నుంచి అక్కడి అల్లర్ల సంగతి తెలిసిందే. కొట్టేశాను. దాంతో తాత దారి సగం తెగిపోయింది.

మూడో రోజు గురించే ఇంట్లో తగువు. మావాడు తిరుగు టిక్కెట్టు విమానానికి చేస్తానంటాడు. నేను దిమాపూర్ ప్లాట్‌ఫారం మీంచే బయల్దేరాలంటాను, కనీసం గువాహటి దాకా. చివరికి నా మాటే నెగ్గింది. టిక్కెట్టు చేశాడు. వెయిటింగ్ లిస్టు 14.