చిట్టీ పుస్తకంలో లేనిది

మార్చి 5, 2025. బుధవారం. చేర్యాల.

సాయంత్రం చర్చిలో భస్మ బుధవారం ఆరాధన. పోయిన ఏడు మట్టల ఆదివారం నాడు పట్టుకున్న మట్టలను కాల్చిన బూడిద. అయ్యగారు నుదుట సిలువ గీస్తుంటే నా పక్కనున్న పిల్లవాడు "ఇబూది లెక్కనే ఉన్నదే" అన్నాడు. వాళ్లమ్మ వీపు మీద ఒక్కటేసింది. వాడన్నదాంట్లో తప్పేముందో నాకు తెలియలేదు.

ఈ శ్రమకాలంలో రోజూ కాకపోయినా అప్పుడప్పుడు రాయాలనుకున్నాను. ఎందుకో ఇవాళ రాయను. ఈసారి అయ్యగారు ఎత్తుకున్న అంశం ప్రాయశ్చిత్తం. ఆ మాట మన బైబిల్లోకి ధర్మశాస్త్రాల నుంచి నడిచొచ్చింది. యాజ్ఞవల్క్య స్మృతిలో మూడో భాగం పేరే ప్రాయశ్చిత్తాధ్యాయం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యను పట్టుకునే 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు. అక్కడ తప్పు చేసినవాడే శిక్ష మోయాలి. చాంద్రాయణమంటే పున్నమికి పదిహేను ముద్దలు, రోజుకొకటి తగ్గించుకుంటూ పోతే అమావాస్యకు పస్తు. ఎవరి పాపం వాళ్ల కడుపుకే. మా దగ్గరికి వచ్చేసరికి అదే మాట తలకిందులైంది. తప్పు ఒకరిది, చెల్లించింది ఇంకొకరు.

పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై కీర్తనలు కట్టినవాడు. ఈ మాటకున్న రెండు ముఖాలూ ఆయనకు తెలిసే ఉండాలి. మా అమ్మ ఆయన కీర్తనలు పొయ్యి ముందు కూర్చొని పాడేది. అర్థం అడిగితే "పప్పు ఉడుకుతుంది, మంట చూడు" అనేది.

మార్చి 9. ఆదివారం.

పొద్దున చర్చికి పోతుంటే రోడ్డు నిండా కొమురవెల్లికి పోయే బండ్లు. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాకా ఆదివారం ఆదివారం ఇట్లాగే ఉంటుంది. ఒక ట్రాలీలో ఆడవాళ్లు, బోనాలు, మూలకు కట్టేసిన యాట. మల్లన్నకు పట్నం వేయించి, వెనక్కి తిరిగేటప్పుడు కొండపోచమ్మ దగ్గర కోసుకుంటారేమో. అది మాత్రం తాపీగా వేపమండ నములుతోంది.

లోపల చదివిన వాక్యం లేవీయకాండం 16. ప్రాయశ్చిత్తార్థ దినాన రెండు మేకలు. ఒకటి బలికి. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు చేతులు పెట్టి, ప్రజల పాపాలన్నీ ఒప్పుకొని, దాన్ని అడవిలోకి విడిచిపెడతాడు. చిన్నప్పుడు నాకు ఈ రెండో మేక మీదే బెంగ. కోసిన మేక కథ అక్కడితో అయిపోతుంది. ఊరందరి పాపం నెత్తిన పెట్టుకున్నది నీళ్లు లేని చోట ఎట్లా బతికింది?

మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకోకముందు పోచమ్మకు యాటను ఇచ్చిన మనిషే. నెత్తిన నీళ్లు చల్లి, అది ఒళ్లు దులుపుకునే దాకా ఆగేవాళ్లట. దులుపుకుంటే ఒప్పుకున్నట్టు. లేవీయకాండంలో మేకను ఎవరూ అడగరు. కొత్త నిబంధనలో ఆ అడగటం తిరిగి వచ్చిందని నాకనిపిస్తుంది. గెత్సేమనే తోటలో ఆ రాత్రి యేసుకు జరిగింది అదే కదా. నాయనమ్మ ఉంటే ఈ ముక్క చెప్పి ఆమె ఏమనేదో వినేవాణ్ని.

ఇంకో తేడా కూడా ఉంది. మన ఊళ్లో యాట చాలావరకు మొక్కు. బిడ్డ బతికితే, పంట పండితే, అడిగింది వచ్చాక ఇచ్చేది. పాపపరిహారార్థ బలి ఏదో వచ్చినందుకు ఇచ్చేది కాదు, ఏదో చెడిపోయినందుకు. రెండింటికీ బలి అనే ఒకే మాట వాడి మనం గందరగోళపడ్డాం.

మార్చి 16. ఆదివారం.

రోమా పత్రిక ఆరో అధ్యాయం. పాపం ఇచ్చే జీతం గురించి. గ్రీకులో ఆ మాట సైనికులకిచ్చే బత్తెం అని అయ్యగారు వివరించారు. సరే. కానీ మా ఇంట్లో ఆ మాటకు ఇంకో చరిత్ర ఉంది. పెళ్లికి తెచ్చిన అప్పు కింద మా తాత దొర ఇంట్లో జీతం ఉన్నాడు. నెలాఖరుకు చేతికొచ్చే జీతం కాదు. మనిషే తాకట్టు. ఎన్నేళ్లు చేసినా అసలు తరగలేదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది, అప్పటికి తాత లేడు. 'పాపానికి జీతం' అని వినగానే ఆయన తరం వాళ్లకు సైనికుడు కాదు, పశువుల కొట్టం గుర్తొచ్చి ఉంటుంది. విమోచన అంటే ఎవరో వచ్చి దొర ముందు డబ్బు పోసి, నువ్వు ఇంటికి పో అనడం. వాళ్లకు వ్యాఖ్యానం అక్కర్లేకుండానే తెలిసిన వేదాంతం.

మరి డబ్బు ఎవరికి ముట్టింది? సిలువను క్రయధనం అన్నాక ఈ ప్రశ్న తప్పదు. తొలి శతాబ్దాల్లో కొందరు సైతానుకు అన్నారు. నాలుగో శతాబ్దంలో నజియాంజుకు చెందిన గ్రెగరీ ఒప్పుకోలేదు. దొంగకు పైకం ఏమిటి, పోనీ తండ్రికంటే ఆయన మనల్ని ఎప్పుడు చెరపట్టాడు అని అడిగాడు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ 1098లో ముగించిన పుస్తకంలో లెక్క మార్చాడు. పాపమంటే దేవునికి చెందాల్సిన గౌరవాన్ని ఎగ్గొట్టడం. తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగింది దేవుడు, అందుకే దేవుడు మనిషయ్యాడు. పకడ్బందీ వాదన. కానీ అందులో దేవుడు యూరప్ జమీందారు లాగా కూర్చొని ఉంటాడు. పరువు పోయింది, జుర్మానా కట్టాల్సిందే. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకొని నడిచిన ఇంటివాణ్ని, నాకది మింగుడుపడదు. తర్వాతి తరం అబెలార్డ్‌కూ పడలేదు. సిలువ మీద కనిపించేది బాకీ వసూలు కాదు, ప్రేమ, దాన్ని చూసి మనిషి గుండె మారుతుంది అన్నాడాయన. అది మింగుడుపడుతుంది. అయితే మరీ సులభంగా పడుతుంది. గుండె మారితే చాలా? పోయిన పైసల మాటేమిటి?

మార్చి 22. శనివారం.

చేర్యాల పటాలు గీసే నకాషీ వాళ్ల ఇంటికి పోయాను, మనవరాలి స్కూలు ప్రాజెక్టు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూతలు పూస్తున్నారు. ఆరాక దాని మీద ఆ ఎర్ర నేల వస్తుంది. ఇవాళ రేపు గోడకు తగిలించే చిన్న బొమ్మలే ఎక్కువ. మూరలకొద్దీ చుట్ట విప్పుతూ పాడే పటం కథలకు అడిగేవాళ్లు తగ్గారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు, మాదిగలకు జాంబపురాణం. మా కులానికి కథ చెప్పేవాళ్లు డక్కలివాళ్లు.

జాంబపురాణంలో మాకెందుకీ గతి పట్టిందో ఉంటుంది. ఒక కథనంలో, కామధేనువు మాంసం వండుతుంటే ముక్క ఒకటి కింద పడింది. మా పూర్వీకుడు దాన్ని తీసి, దుమ్ము ఊది, మళ్లీ కుండలో వేశాడు. దేవతలు శపించారు. ఒక్క ముక్కకు జాతి మొత్తం ఊరి బయట. బాప్తిస్మం తీసుకుంటే ఇంకో కథ ఎదురైంది. ఆదాము తిన్న పండు, దాంతో మానవజాతి మొత్తం తోట బయట. మా తాత రెండు ఎంగిళ్లకు వారసుడయ్యాడు.

అయినా రెండో కథను ఆయన ఎందుకు పట్టుకున్నాడో నాకు అర్థమవుతుంది. అందులో దొర కూడా తోట బయటే ఉన్నాడు.

(సర్టిఫికెట్‌లో మేం బీసీ-సి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు ఒక్క శాతం. కులం మాత్రం మమ్మల్ని వదలలేదు, కాగితం మీదిదే వదిలింది. దీని గురించి రాస్తే నోటుబుక్కు చాలదు.)

మార్చి 30. ఆదివారం.

ఉగాది. పక్కింటివాళ్లు పచ్చడి పంపారు. వేపపువ్వు ఎక్కువైంది, బాగుంది.

ఏప్రిల్ 5. శనివారం.

సిద్దిపేట మీదుగా బస్సులో మెదక్ పోయి వచ్చాను. ఒంటరిగా. కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టాలని మిషనరీ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించిన గుడి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. వందేళ్లు నిండాయి. కృప ఉచితమని బోధించే గుడి కూలికి బువ్వ లెక్కన లేచింది. ఎగతాళికి అనడం లేదు. ఆకలిగొన్నవాడి చేతిలో బువ్వ పెట్టడానికి ఆ దొరకు దొరికిన మర్యాదైన దారి అదేనేమో.

సాలిస్‌బరీ అనే చిత్రకారుడు చేసిన మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. ఎండ బయటి నుంచి పడితేనే బొమ్మ కనిపిస్తుంది, పొద్దు గూకితే నల్లటి అద్దమే. సిలువ కిటికీ ఎదురుగా గంటసేపు కూర్చున్నాను. పన్నెండేళ్లుగా మోస్తున్నది దేవునికి చెప్పుకున్నాను. లేచేసరికి ఒళ్లు తేలికైంది. బయట చెరుకు రసం తాగాను.

తిరుగు బస్సులో ఆ తేలిక మీదే అనుమానం వచ్చింది.

ఏప్రిల్ 8. మంగళవారం.

ఇక రాస్తాను. 2013లో నేను చిట్టీ నడిపాను. పదిహేను మంది, నెలకు 2,000. అందులో కూరగాయలమ్మే అక్క ఒకామె. ఏప్రిల్‌లో అంగడికి పోతూ పోతూ, ముందు నెలది, ఆ నెలది కలిపి 4,000 నా చేతిలో పెట్టింది. జేబులో వేసుకున్నాను, పుస్తకంలో ఎక్కించలేదు. వారం తర్వాత అందరి ముందు బాకీ అడిగాను. ఇచ్చానంది. పుస్తకం తీసి చూపించాను. "పుస్తకంలో లేదు గదా అక్కా" అన్నాను. నిజంగానే మరిచిపోయాను. అప్పటిదాకా అది మరుపే.

మూడు రోజులకు ఉతకడానికి తీసిన అంగీ జేబులో 4,000 దొరికాయి. అప్పటికే ఆమె ఎక్కణ్నుంచో తెచ్చి రెండోసారి కట్టేసింది. ఇప్పుడు చెబితే పదిహేను మంది ముందు సార్ మాట పోతుంది. రేపు చెబుదామనుకున్నాను. ఆ డబ్బు బిడ్డ ఫీజుకు పోయింది. మరుపు పాపమైంది ఆ 'రేపు' దగ్గర.

ఏప్రిల్ 10. గురువారం.

లేవీయకాండం ఆరులో ఉంది. పొరుగువాణ్ని మోసం చేసినవాడు ముందు సొత్తు తిరిగి ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి, ఆ తర్వాతే పొట్టేలు. మేక తెచ్చాను, నా బాకీ కొట్టెయ్యి అంటే కుదరదు. యూదుల మిష్నాలోనూ ఇంతే. ప్రాయశ్చిత్త దినం దేవునికీ మనిషికీ మధ్య పాపాలను కప్పుతుంది. మనిషికీ మనిషికీ మధ్యవైతే, ముందు పోయి అవతలివాణ్ని ఒప్పించుకోవాలి. అర్పణ బలిపీఠం ముందే వదిలి సహోదరుని దగ్గరికి పొమ్మన్నప్పుడు యేసు చెప్పింది కూడా ఇదే దారి. నేను మెదక్‌లో బలిపీఠం దగ్గరి నుంచి నేరుగా చెరుకు రసం బండి దగ్గరికి పోయాను.

లెక్క వేశాను. ఐదో వంతు ప్రకారం 4,800. మన ఊరి వడ్డీ, నూటికి నెలకు రెండు రూపాయలు, 144 నెలలకు 11,520, అసలుతో 15,520. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య లాగా నాలుగింతలంటే 16,000. సుంకరి లెక్కా చేర్యాల వడ్డీ లెక్కా దాదాపు ఒక్కచోటే తేలాయి. ఒక్కణ్నే నవ్వుకున్నాను.

ఏప్రిల్ 18. శుక్రవారం.

పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. ఆరో మాట 'సమాప్తమైనది'. దాన్ని పాత రోజుల్లో తీరిన అప్పు పత్రాల మీద రాసేవారని ఒక బోధకుడు ఊగిపోతూ చెప్పాడు. మనవాళ్లకు ఇష్టమైన ముక్క. ఆ గ్రీకు మాటకు మామూలు అర్థం పని పూర్తయిందనే. అప్పు తీరిందని వినడం నాలాంటివాళ్లకు హాయిగా ఉంటుంది, అందుకే నిలిచిందేమో. నా జేబులో కవరు ఉంది. ఇవాళ పోలేదు. ఎండ అని చెప్పుకున్నాను.

ఏప్రిల్ 19. శనివారం.

పోయాను. అక్క గడపలో కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నుదుట మల్లన్న బండారి. జుట్టు తెల్లబడింది. "ఏంది సార్, గిటు తోవ తప్పిండ్రా? కూసోండ్రి" అంది.

చెప్పాను. మధ్యలో గొంతు పట్టింది. ఆమె చిక్కుడుకాయ ఆపలేదు.

"నాకెరికే సార్. మీరు జేబుల పెట్టుకున్నది నేను జూడలేదా?"

"మరి అప్పుడు ఎందుకు అనలేదక్కా?"

"మీ అమ్మ పోయి ఇంక నెల గూడ గాలే. మీ మొకం మొకం లెక్క లేదు. నలుగుట్ల పంచాదెందుకని ఊకున్న."

రెండోసారి కట్టిన డబ్బు ఎక్కడిదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"కమ్మలు గిరివి పెట్టిన."

"ఇడిపించుకున్నవా?"

"యాడ సార్."

చెవులకు వేపపుల్లలు ఉన్నాయి. ఇంతసేపూ వాటిని చూస్తూనే ఉన్నాను. అప్పుడు కనిపించాయి.

కవరు ఇచ్చాను. వద్దంటుందనుకున్నాను. అనలేదు. బొటనవేలు తడి చేసుకొని రెండుసార్లు లెక్కపెట్టింది. "నాలుగు వేలే గద, గివన్ని ఎందుకు?" అంది. జక్కయ్య గురించి మొదలుపెట్టబోయి, వడ్డీ అన్నాను. వడ్డీ అంటే సరే అనుకుంది. చాయ్ పెడతానని లేచింది, రొంటిన కవరు దోపుకుంటూ గడప దగ్గర ఆగింది.

"సార్, బుక్కుల రాసుకోండ్రి. మల్ల లేదంటరు."

చిట్టీ పుస్తకం ఎప్పుడో చిత్తు కాగితాలకు పోయింది. సంచిలో ఈ నోటుబుక్కు ఉంది. ఆమె పైన నిలబడి చూస్తుండగా ఇక్కడే రాశాను.

ఏప్రిల్ 2013. 4,000. ముట్టినవి.