కనబడని కట్టడము

మా కళాశాలకు ఒక సభామందిరము నిర్మింపవలెనని పాలకవర్గమువారు సంకల్పించిన నాటి నుండి అధ్యాపకుల గదిలో చర్చలు ముమ్మరముగా సాగుచున్నవి. ముఖద్వారమునకు కమాను ఉండవలెనా, శిలాఫలకముపై ఉర్దూ ముందా తెలుగు ముందా అనునవి వానిలో ముఖ్యములు. పటమును మేమును చూచితిమి. వేయిమందికి ఆసనములున్నవి. ఆ వేయిమంది పీల్చు గాలి ఎటు నుండి వచ్చి ఎటు పోవునో మాత్రము అందు లేదు.

సాహిత్యము బోధించువారికి ఈ గొడవ ఏల యని విద్యార్థులు నవ్వవచ్చును. భవనమును కూడ గ్రంథము వలె చదువవచ్చునని మా నమ్మకము. గోడ, కప్పు, రంగు అట్ట వంటివి. గాలి మార్గములు, నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు, మురుగు కాలువలు, లిఫ్టులు, అగ్నిమాపక సాధనములు లోపలి పుటలు. ఆంగ్లేయులు వీటన్నిటిని కలిపి బిల్డింగు సర్వీసెస్ అందురు. ‘భవన సేవలు’ అని తెనిగించినచో ఊడ్చి తుడుచుట స్ఫురించును. ఉర్దూ శాఖ మిత్రులొకరు ‘ఇంతెజాం’ అన్నచో చాలదా యనిరి. మాకును అదియే నచ్చినది.

ఈ ఇంతెజాం నేటిది కాదు. గోలకొండ కోటలో నీటిని చక్రములతో అంచెలంచెలుగా పై తొట్లకు ఎక్కించి, మట్టి గొట్టముల ద్వారా మహళ్ళకు పంపెడివారు. విహారయాత్రకు పోయిన మా విద్యార్థులు ఫతే దర్వాజా కడ చప్పట్లు కొట్టి మురిసి తిరిగివత్తురు. ఆ మట్టి గొట్టములను వెదకి చూచువారు అరుదు.

1977లో పారిస్ నగరమున తెరువబడిన పాంపిడూ కళాకేంద్రమును గూర్చి చదివినపుడు మాకు ఆశ్చర్యము కలిగినది. రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ అను వాస్తుశిల్పులు గొట్టములన్నిటిని గోడ వెలుపల నిలిపి రంగులు పూయించిరి. నీలము గాలికి, ఆకుపచ్చ నీటికి, పసుపు విద్యుత్తుకు, ఎరుపు మనుష్యుల రాకపోకలకు. చమురు శుద్ధి కర్మాగారమని పలువురు వెక్కిరించిరి. మా కంటికిని అది అందముగా తోచదు. ఐనను లోపలి అంతస్తులు అడ్డులేని మైదానములైనవి. 2025లో దీర్ఘకాలపు మరమ్మతులకై ఆ భవనమును మూసివేసిరి.

మదీనాలోని మస్జిదె నబవీలో పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధము. నీటిని చల్లబరచు యంత్రాగారము మసీదుకు సుమారు 7 కిలోమీటర్ల దూరమున ఉన్నది. చల్లని నీరు సొరంగములోని గొట్టముల వెంట వచ్చును. స్తంభ పీఠములలోని జాలీల నుండి చల్లగాలి వెలువడును. అంతటి యంత్రబలము పనిచేయుచుండినను దాని రొదను మసీదుకు దూరముగానే ఉంచిరి. హజ్ నుండి వచ్చిన మన పెద్దలు ఆ చల్లదనమును కొనియాడుదురు. అది ఎచటి నుండి వచ్చెనని అడిగిన వారిని మేమెరుగము.

మన మందిరమునకు అంతటి వైభవము అవసరము లేదు. లెక్క మాత్రము అవసరము. కదలక కూర్చున్న మనిషి దేహము నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. వేయిమంది కూడినచో 100 కిలోవాట్లు. శీతలీకరణమును టన్నులలో కొలుతురు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరుగుటకు కావలసిన వేడి ఆ మాటకు మూలము. అది దాదాపు మూడున్నర కిలోవాట్లు. అనగా ప్రేక్షకుల దేహతాపమునకే 28 టన్నులు వలయును. దీపములు, ఎండకు కాగిన కప్పు వేరు. అంత స్తోమత లేనిచో క్రింద గాలి వచ్చు దారి, పైన వేడి పోవు దారి మొదటి పటములోనే ఉండవలెను. గోడలు లేచిన పిదప తొలిచినచో ఖర్చు రెట్టింపగుటయే గాక భవనము అతుకుల బొంతయగును.

స్త్రీల మరుగుదొడ్లు రెండే చూపబడినవి. విరామము పది నిమిషములు. మన విద్యార్థినుల సంఖ్య హాజరు పట్టీలో ఉన్నది. వుజూ కొళాయిలకు నీటి తొట్టి ఎచటనో కూడ వ్రాయలేదు.

కనబడని దానికి ఇంత వ్యయమా యని సభ్యులొకరు మమ్ము ప్రశ్నించిరి. వారికి మేము ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాలను గుర్తుచేసితిమి. 1997 జూన్ 13న, ఆట సాగుచుండగా, క్రింద వాహనములు నిలుపు చోటనున్న ట్రాన్స్‌ఫార్మరు వద్ద నిప్పు పుట్టినది. పొగ మెట్ల దారిన బాల్కనీకి ఎగబ్రాకినది. అదనపు సీట్ల కొరకు అచట ఒక నిర్గమన ద్వారమును అంతకు పూర్వమే మూసియుంచిరి. 59 మంది మరణించిరి. వారిని మంట చేరలేదు, పొగ చేరినది. తల్లిదండ్రులు ఏండ్ల తరబడి న్యాయస్థానముల మెట్లెక్కిరి. ఆ సభ్యులు మాట్లాడలేదు; పటమును మరల తెప్పించి చూచిరి.

అందులో జనరేటరు గది ప్రధాన మెట్ల క్రిందనే ఉన్నది. ప్రక్క ద్వారములు రెండును లోపలికి తెరచుకొనునట్లు గీయబడినవి. మరి రెండు వరుసల కుర్చీలకై వానిలో ఒకదానిని మూయవచ్చునను సూచన కూడ అంచున పెన్సిలుతో వ్రాసియున్నది. జనరేటరును ప్రహరీ ప్రక్కకు తరలించి, తలుపులు బయటికి తెరచుకొనునట్లు మార్చి, ఆ పెన్సిలు వ్రాతను చెరిపివేయవలెనని పాలకవర్గమువారికి మా మనవి. పునాదులు ఇంకను తవ్వలేదు.