"ది అంగ్రేజ్" – మన దక్కనీ నవ్వు

అల్వాలులో మా యింట పలికే భాష దక్కనీ. కళాశాలలో నేను బోధించే భాష తెలుగు. ఈ రెంటి నడుమ ప్రతిదినం రాకపోకలు సాగించే నాకు, 2006లో విడుదలైన "ది అంగ్రేజ్" అనే హాస్యచిత్రం వట్టి కాలక్షేపంగా తోచలేదు. పేరుపొందిన తారలు లేరు. పెద్ద పెట్టుబడి లేదు. కుంటా నిఖిల్ దర్శకత్వం వహించి, తానే ఒక ప్రధాన పాత్రను కూడ ధరించినాడు. అయినను అందలి మాటలు నేటికీ మన విద్యార్థుల నోళ్ళలో నానుతూనే వున్నవి.

కథ స్వల్పం. విదేశాలనుండి వచ్చి ఐ.టి. సంస్థలో చేరిన యిద్దరు యువకులు చార్మినారు చూడబోయి, గుల్జార్ హౌజ్ వద్ద ప్రొద్దు పుచ్చే ఇస్మాయిల్ భాయి బృందంతో అల్పవిషయానికి తగవు పడతారు. పరాభవం పొందిన భాయి పగ తీర్చుకొన బయలుదేరుతాడు. మరొక ప్రక్క "మామా" అనే దుండగుని ముఠా ధనంకోసం అపహరణకు పూనుకొని, పొరబాటున వేరొకరిని ఎత్తుకొనిపోతుంది. ఇంతే.

చిత్రానికి ప్రాణం ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ ధరించిన ఇస్మాయిల్ భాయి పాత్ర. ప్రక్కన సలీం ఫేకూగా మస్త్ అలీ, జహంగీరుగా అజీజ్ నాసర్. "ఫేకూ" అనగా కోతలరాయుడు. చెప్పేది అబద్ధమని చెప్పేవానికీ తెలుసు, వినేవారికీ తెలుసు. ఐనా ఎవరూ అడ్డు తగలరు. ఒకరి కోతలను మరొకరు మన్నించే ఈ మర్యాద ఇరానీ హోటలులో ఒక గంట కూర్చున్న వారెవరికైనా సుపరిచితమే.

బొంబాయి చిత్రాలలో దక్కనీ నౌకరు భాష. 1965 నాటి "గుమ్‌నామ్"లో మహమూద్ ఆ యాసతో దేశాన్ని నవ్వించాడు; కాని ఆ నవ్వు మన పలుకుమీద నవ్వు. మా ప్రక్కనేయున్న తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగల్ 1974లో "అంకుర్" ద్వారా ఈ పలుకుకు గాంభీర్యం కల్పించాడు. "ది అంగ్రేజ్"లోనైతే దక్కనీ రానివాడే వింతమనిషి! పేరులోనే ఆ ఎత్తిపొడుపు వున్నది.

దీనిని చెడిన ఉర్దూ అనేవారికి ఒక్క మాట. "ఆతూఁ బోల్కే బోలా" అంటాము. "వస్తాను అని చెప్పాడు" అనే తెలుగు వాక్యంలో "అని" చేసే పనినే యిక్కడ "బోల్కే" చేస్తున్నది. శతాబ్దాల ఇరుగుపొరుగుతనం వాక్యనిర్మాణంలోకి ఇంకిపోయింది. తరగతిలో "నక్కో" అని నోరుజారి నాలుక కరుచుకొనే విద్యార్థులను చూచినప్పుడెల్లా ఈ సంగతి చెబుతూ వుంటాను.

ఇక లోపాలు. ఆఫీసు భాగం చప్పగా వున్నది, ప్రేమకథలు అతికించినట్లున్నవి. భాయి తెరపై లేనప్పుడు ప్రేక్షకుడు గడియారం చూచుకొంటాడు. ఇవి డబ్బు కొరతవల్ల వచ్చిన దోషాలని సరిపెట్టుకొనవచ్చును. కాని డబ్బుతో పనిలేని లోపం మరొకటి కలదు. పాతబస్తీ యువకులంటే పనీపాటా లేక తిరిగేవారేనా? లాడ్ బజారులో గాజులమీద రాళ్ళు పొదిగే చేతులు అక్కడికి కూతవేటు దూరంలోనే వున్నవి కదా! నవ్వులో మనకు గౌరవం దక్కినట్లే దక్కి, ఈ ముద్ర మాత్రం అలాగే మిగిలిపోయింది.

మా అమ్మ ఈ చిత్రాన్ని మాతోపాటు చూచి కడుపుబ్బ నవ్వి, చివర "ఇన్‌కూ అమ్మాఁ నైఁ క్యా?" అని అడిగింది. వీళ్ళకు తల్లులు లేరా అని. దక్కనీని మనం నేర్చినది తల్లులవద్దనే. ఆ తల్లుల గొంతు యిందులో బలంగా వినిపించదు. సులేమాన్ ఖతీబ్ దక్కనీ కవితలో అత్తాకోడళ్ళు నోరారా మాట్లాడుకొన్నారు; ఆయన 1978లో గతించాడు. 2006లోనే వచ్చిన "హైదరాబాద్ నవాబ్స్" మొదలుకొని తరువాతి దక్కనీ చిత్రాలు, నేను చూచినంతలో, భాయి బృందాన్నే మరల మరల తెచ్చినవి గాని, ఆ యింటి తలుపు తట్టలేదు.