చెహ్రా, ఆవాజ్, నామ్

టీవీలో కనబడే మనిషి ఎవరో మెషీన్ తనంతట తానే పోల్చుకోవాలి. ఫ్రాన్స్‌లో 2012 నుంచి 2014 దాకా 'రెపేర్' పేరుతో ఈ ముకాబ్లా నడిచింది. బిఎఫ్ఎం టీవీ, ఎల్‌సీపీ ఛానెళ్ల ఖబర్లు, బహస్‌ల వీడియోలు ఇచ్చి పరిశోధకులను అడిగిన సవాళ్లు చూడటానికి సాదాగా ఉంటాయి. తెర మీద ఉన్నదెవరు? మాట్లాడుతున్నదెవరు? ఎవరి పేరు రాసి ఉంది? ఎవరి పేరు పలికారు?

ఆసాన్ మాత్రం కాదు. యాంకర్ "షుక్రియా ఫలానా సాహెబ్" అంటే ఆ పేరు ఇంతవరకూ మాట్లాడినాయనది. "ఇప్పుడు ఫలానా సాహెబ్‌ని అడుగుదాం" అంటే రాబోయే ఆవాజ్‌ది. అక్కడ లేనే లేని మూడో మనిషిది కూడా కావొచ్చు. పైగా చెహ్రా ఒకరిది, గొంతు ఇంకొకరిది అవడం మనం రోజూ చూసేదే. ఒక్క గవాహీ చాలదన్నమాట. అందుకని ఒకే గొంతు మాటలన్నీ ఒక కుప్ప, ఒకే మొహం షాట్లన్నీ ఒక కుప్ప పోసి, ఏ పేరు ఏ కుప్పకు అతుకుతుందో చూస్తారు. అన్నిటికన్నా ఎక్కువ భరోసా తెర అడుగున పడే పేరుపట్టీ మీద.

శుక్లాలు ముదిరాక మా నానీమా టీవీ చూసే తీరూ ఇదే. "ఈ గొంతు నిన్న కూడా వచ్చింది బేటా, పేరు వేస్తే చదివి చెప్పు" అనేది. ఒకసారి చెప్తే చాలు, ఆ తర్వాత ఆవాజ్‌తోనే పట్టేసేది. మసీదులో మౌజన్ మారినా ముందు ఆమెకే తెలిసేది.

2015లో మీడియాఎవాల్ అనే పోటీలో షరతు ఇంకా సఖ్త్. ముందే తయారుచేసిన మొహాల జాబితా వాడొద్దు, పేరు ఆ వీడియోల్లోనే దొరకాలి. నా మనసు ఇక్కడే ఆగింది. పేరుపట్టీ ఎవరికి పడుతుంది? మంత్రికి, లీడర్‌కి, యాంకర్‌కి. వరదలో ఇల్లు పోయి ఏడ్చే బీబీకి "బాధితురాలు" అని పడుతుంది. బుర్ఖాలో క్యూ కట్టిన ఆడవాళ్లకి అదీ లేదు. మెషీన్ లెక్కలో వాళ్లంతా బేనామ్. యాభై ఏళ్ల తర్వాత పాత వీడియోల్లో వెతికేవాళ్లకి మంత్రిగారు వంద చోట్ల దొరుకుతారు, ఆ బీబీ దొరకదు.

"దొరక్కపోవడమే హిఫాజత్ భాయ్‌జాన్" అంటుంది మా చెల్లెలు. 2018లో జాయ్ బువొలాంవీనీ, టిమ్నిట్ గెబ్రూ పరీక్ష పెడితే, మొహం చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాములు నల్లటి ఛాయ ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా తప్పాయి. తెల్లటి మగవాళ్ల దగ్గర ఆ తప్పులు 0.8 శాతం దాటలేదు. ఆ లెక్క చూపించి, గలత్ పేరు అంటుకోవడం కన్నా పేరు లేకపోవడమే నయం అంటుంది.

ఆ మాటకి నాది సగం ఒప్పుదలే. మైకు మొహం ముందు పెట్టినప్పుడు "మీ పేరేంటమ్మా, వేయమంటారా?" అని రిపోర్టర్ అడగొచ్చు కదా. వద్దంటే వద్దు. వేయమంటే, ఆ పట్టీలో జాగా ఉంది.