ముప్పు లెక్క రాసే తీరు

వాతావరణ మార్పు గురించి మామూలు పాఠకులకు చెప్పాల్సి వస్తే మనందరం పట్టే దారి ఒకటే. ఎండలు ఒక గడి, కరువు ఒక గడి, తుఫాన్లు ఒక గడి, పురుగులు ఇంకో గడి. రాయడం తేలిక, చదవడం ఇంకా తేలిక. 2023 ఖరీఫ్ తర్వాత ఆ గడుల మీద నాకు నమ్మకం పోయింది.

ఆ ఏడు ఆగస్టులో కురిసినంత తక్కువ వాన 1901 నుంచి ఏ ఆగస్టులోనూ దేశంలో కురవలేదు. నాగార్జునసాగర్ కుడి కాలువను నమ్ముకుని మిరప వేసినవాళ్లు మబ్బు కంటే రిజర్వాయరు మట్టాన్నే ఎక్కువగా కనిపెట్టుకుని ఉన్నారు. నవంబర్ నెలాఖరుకి డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురుగా మోహరించేదాకా వెళ్లింది నీళ్ల తగువు. వారం తిరక్కుండానే, డిసెంబర్ 5న, మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇంజన్లు పెట్టి, అప్పు చేసి తడులిచ్చి బతికించుకున్న తోటలోనే నీళ్లు నిలిచాయి. ఆ నష్టం ఏ గడిలో వేస్తారు?

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏర్పాటు చేసిన ప్రభుత్వాల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో ముప్పుకి మూడు ముఖాలు చెప్పింది: వచ్చిపడే ఆపద, దాని దారిలో ఉన్నవి, వాటికున్న తట్టుకోలేనితనం. చదివినప్పుడు బాగానే ఉందనిపించింది, అంతే. పర్చూరు వైపు ఒక కౌలు రైతు చేను గట్టున నిలబడి, పక్క చేను చూపిస్తూ అన్న మాటతో బుర్రకెక్కింది. "వాన ఇద్దరికీ ఒకటేనండీ. ఆయన పత్తి రెండు తీతలు ఇంటికి చేరింది. నాది మిరప. ఇప్పుడిప్పుడే కాయ దిగుతోంది."

రేగడిలో నీళ్లు త్వరగా దిగవు. మిరప వేరు నీటిలో నానితే చెట్టు నిలువునా వడలిపోతుంది, పెట్టుబడంతా దానితోనే పోతుంది. పత్తి అలా చావదు గానీ విచ్చుకున్న కాయ తడిసి దూది రంగు మారుతుంది. తేమ 8 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో ధర తగ్గుతుంది, 12 దాటితే అసలు కొనరు. అంటే పత్తి రైతు నష్టం చేలో కాదు, తేమ మీటరు ముందు తేలుతుంది. ఇదే వాన మార్చిలో కళ్లం మీద ఆరబోసిన మిరప మీద పడిందా, కాయ రంగు పోయి తాలు కింద లెక్క. గుంటూరు యార్డులో తాలు ధర ఎంత తక్కువో మిరప రైతుల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పురుగు సంగతి మాత్రం జాగ్రత్తగా రాయాలి. 2021–22లో మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద దొరికింది. దాన్ని నేరుగా వాతావరణ మార్పు పద్దులో రాసేస్తే వినేవాళ్లకి బాగుంటుంది, కానీ అది న్యాయం కాదు. ఐపీసీసీ వాళ్లు ముఖ్యమైన మాటల పక్కన ఎంత నమ్మకంతో చెబుతున్నారో కూడా రాస్తారు. మన తెలుగు రాతల్లో ఆ అలవాటు ఇంకా రాలేదు.

ఇక తట్టుకోలేనితనం. అది ఆకాశంలోంచి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు రైతుకి సాగు హక్కు పత్రం ఇస్తామంది, భూమి యజమాని సంతకం పెడితేనే అంది. సంతకం పెట్టే యజమానులు ఎంతమందో ఊళ్లో అడిగితే ముందు నవ్వు వినిపిస్తుంది. కాగితం లేనివాడి పంట నష్టం కాగితం మీదకి ఎక్కడం కష్టం. మిరప కోతలకొచ్చే కూలీ ఆడవాళ్లకి పోయిన పనిరోజులైతే ఏ జాబితాలోనూ ఉండవు.

తుఫాను మర్నాడు ఊళ్లోకి వెళ్లి వార్త రాసేవాళ్లకూ, బడిలో పిల్లలకి ఈ పాఠం చెప్పేవాళ్లకూ ఒక మనవి. గాలి వేగం తర్వాత రాసుకోవచ్చు. ముందు పైరు ఏ దశలో ఉందో, చేను సొంతమో కౌలో, అప్పు ఎక్కడ తెచ్చారో అడగండి.