ఒంటికాలి మీద ఎన్ని గెంతులు?

బెంగళూరు మారతహళ్లిలో పదకొండో అంతస్తులో ఉండే పిల్లాడు. నాలుగున్నరేళ్లు. కార్ల పేర్లన్నీ గడగడా చెప్పాడు. ఒంటికాలి మీద గెంతమంటే మాత్రం వాళ్లమ్మ చున్నీ పట్టుకున్నాడు. ఆ వయసుకు రెండు మూడు గెంతులైనా రావాలి. మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనిస్తాడట. "లిఫ్ట్ ఉంది కదా డాక్టర్" అంది తల్లి.

జబ్బేమీ కనబడలేదు. వాడికి లేనిది అలవాటు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలు కదలాలనీ, అందులో 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా ఆడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చాను. మూడు వారాల తర్వాత వచ్చారు. గెంతు రాలేదు సరికదా, కాగితం కూడా పోయింది.

ఆసారి అవ్వ తోడొచ్చింది. కదిరి మనిషి. "మా ఊర్లో ఈ వయసు పిల్లోళ్లు కోలాటంలో వెనకాల చేరి ఎగురుతాంటారు సార్" అంది. సరే, నేర్పమన్నాను, పెద్ద నమ్మకమేమీ లేకుండానే.

అపార్ట్‌మెంట్ కింద ఓ సాయంత్రం వెళ్లి చూశాక అర్థమైంది. కుడిపక్కవాడి కోలకు తగిలించి, తిరిగి ఎడమపక్కవాడికి అందించాలి. చెయ్యి ఒంటి నడిమిగీతను దాటుతుంది. బరువు ఒక కాలి నుంచి రెండో కాలికి మారేటప్పుడు క్షణంపాటు ఒంటికాలి మీదే నిలవాలి. వంగాలి, లేవాలి, దెబ్బ పడేవేళకు అక్కడుండాలి. ఫిజియోథెరపీ గదిలో బతిమాలి విడివిడిగా చేయించేవన్నీ ఒక్క దరువులో అయిపోతున్నాయి. (జడకోలాటం మాత్రం ఈ వయసుకు వద్దన్నాను, తాళ్లలో చిక్కుకుంటారు.) కన్నడ పిల్లలు కోలాట అన్నారు, తమిళ పిల్లలు కోలాట్టం అన్నారు. అవ్వకు తెలుగు తప్ప మరో భాష రాదు, ఆ అవసరమూ పడలేదు.

నాలుగు నెలలకు వాడు నా గదిలో ఐదు గెంతులు వేశాడు. వయసుతో వచ్చినవీ ఉంటాయి, అంతా కోలల మహిమ అనను.

ఆ ఊపులో అదే అపార్ట్‌మెంట్లోని ఇంకో ఐదేళ్లవాణ్ణీ అవ్వ దగ్గరికి పంపాను. పదిరోజులకు ఫోన్ చేయించింది. "కూర్చోని లేసేటప్పుడు తొడల మీద చేతులు పెట్టుకోని ఎక్కుతాండాడు సార్. ఈడిది అలవాటు లేక కాదు."

1879లో లండన్ వైద్యుడు గోవర్స్ వర్ణించిన గుర్తు అది. పిక్కలు ఉబ్బి గట్టిగా ఉన్నాయి. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే ఎంజైమ్ వేలల్లో వచ్చింది. జన్యుపరీక్ష డుషేన్ కండర క్షీణత అని తేల్చింది. మొదటిరోజే నేలమీద కూర్చోబెట్టి లేవమని అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఇప్పుడు గెంతుల కంటే ముందు అదే అడుగుతున్నాను.

అలసిపోయేలా ఎగరడం ఆ కండరాలకు చేటు. ఆ మాట చెబితే అవ్వ వాణ్ణి ఇంటికి పంపలేదు. గుండ్రం మధ్యలో కుర్చీ వేసి, చేతికి తాళాలిచ్చింది. ఇప్పుడు వేగం ఎప్పుడు పెంచాలో వాడే చెబుతాడు.