నలభై దాటాక ఓనమాలు

తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు చూడాలి. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పనిలోకి దిగుతాయి. టైమవగానే దేశం నలుమూలల నుంచీ ఒక్కసారిగా మీద పడతారు. అంత తొక్కిడిలోనూ ఒకే టికెట్టు ఇద్దరి పేర పడకూడదు. డబ్బు కట్టాక మధ్యలో కరెంటు పోయినా లెక్క తేడా రాకూడదు. ఇలాంటి లెక్క ఎక్కడున్నా దాని వెనక ఓ డేటాబేస్ ఉంటుంది. దానికి కాపలా కాసే మనిషే డీబీఏ. ఊరి అడంగల్ కరణం చేతిలో ఉన్నట్టు, కంపెనీ పద్దులన్నీ ఈయన చేతిలో ఉంటాయి.

వివరాలను పట్టికలుగా అమర్చుకునే పద్ధతిని ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. 1979లో ఒరాకిల్ దాన్ని సరుకుగా చేసి అమ్మింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు మన కుర్రాళ్ల వంతొచ్చింది. తిరుపతిలో ఎంసీఏ పూర్తిచేసి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తిల నుంచి బ్యాగు భుజాన వేసుకుని అమీర్‌పేట చేరినవాళ్లెందరో. మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో ఒరాకిల్ నేర్చుకుని, సర్టిఫికెట్ పరీక్ష రాసి, బెంగళూరులోనో చెన్నైలోనో కుదురుకున్నారు. జీతం బాగానే ఉండేది. నిద్రే ఉండేది కాదు. డిస్కు నిండిపోయిందనో, రాత్రి నడవాల్సిన రిపోర్టు కదలడం లేదనో రెండు గంటలప్పుడు ఫోను మోగేది. పండక్కి ఊరొచ్చినా లాప్‌టాప్ వెంట ఉండాల్సిందే.

ఇంతలో పద్దే పెరిగిపోయింది. ఇంటర్నెట్లో జనం వెతికేవి, నొక్కేవి, చూసేవి అన్నీ దాచాలంటే ఒక్క పెద్ద యంత్రం చాలదు. దీనికి దారి చెబుతూ గూగుల్ ఇంజినీర్లు 2003, 2004లలో రెండు పత్రాలు ప్రచురించారు. వాటి ఆధారంగా 2006లో హడూప్ వచ్చింది. (అన్నట్టు, ఆ పేరు దాన్ని తయారుచేసినవారిలో ఒకరైన డగ్ కటింగ్ కొడుకు ఆడుకునే బొమ్మ ఏనుగుది!)

ఇదెలా పనిచేస్తుందో తిరుపతివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పరకామణి గుర్తు తెచ్చుకుంటే చాలు. హుండీ సొమ్మంతా ఒక్కరే కూర్చుని లెక్కిస్తే ఎప్పటికి తెమిలేను? చాలామంది కూర్చుంటారు. నోట్లు, నాణేలు వేరుచేస్తారు. విలువల వారీగా కుప్పలు పెడతారు. ఎవరి కుప్ప వాళ్లు లెక్కిస్తే చివర్లో మొత్తం కూడతారు. హడూప్ కూడా అంతే. మామూలు యంత్రాలు వందలకొద్దీ పెట్టి పని పంచుతుంది. ఒకటి చెడిపోతే దాని వాటా ఇంకొకటి అందుకుంటుంది.

డీబీఏకి కొరుకుడుపడనిది ఇక్కడే. యంత్రం ఒక్క నిమిషం ఆగినా తన పరువు పోయినట్టు బాధపడే మనిషాయన. ఈ కొత్త లోకంలో యంత్రాలు ఆగడం మామూలే, ముందే లెక్కలో వేసుకోండి అంటారు. అంకె ఎక్కడ చూసినా ఒక్కటే ఉండాలని నేర్చుకున్నవాడికి, కాసేపటికి సరిపోతే చాలంటారు. నిజమే, ఒక ఫొటోకి వచ్చిన లైకులు చిత్తూరులో 900, చికాగోలో 902 కనిపిస్తే కొంపలేం మునగవు. దర్శనం టికెట్టు దగ్గర మాత్రం మునుగుతాయి. ఏ లెక్క గట్టిగా ఉండాలో, ఏది కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదో తేల్చడమే అసలు విద్య. అది ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ వంటబట్టదు.

ఆ మార్పు నలభై ఏళ్ల వయసులో నెత్తిన పడింది. ఇంటి అప్పు కంతులు సగమైనా తీరలేదు. పిల్ల ఇంటర్ చదువుతోంది. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడు టీమ్ లీడరై పైథాన్ పాఠం చెబుతుంటే నోట్సు రాసుకోవాలి. 2017లో ఒరాకిలే తన డేటాబేస్ తన పని తానే చూసుకుంటుందని ప్రకటించింది. టీవీలో ఉద్యోగాల కోత వార్త వచ్చినప్పుడల్లా ఊళ్లోంచి అమ్మ ఫోను: “నాయినా, నీ పని ఉండాదా?” ఉందమ్మా అనడానికి అరక్షణం ఆలస్యమైతే ఆవిడకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

పాత చదువు వృథా పోయిందా అంటే, లేదు. పట్టికలను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాష ఇక చెల్లదన్నవాళ్లున్నారు. కానీ హడూప్‌లోని సమాచారాన్ని దాదాపు అదే భాషలో అడిగేందుకు ఫేస్‌బుక్ ఇంజినీర్లు హైవ్ తయారుచేసి 2008లో అందరికీ ఇచ్చేశారు. తర్వాత వచ్చిన స్పార్క్‌లోనూ ఆ భాష ఉంది. నెమ్మదిగా నడిచే ప్రశ్నను చూసి రోగం ఎక్కడుందో పసిగట్టే చెయ్యి ఇక్కడా పనికొచ్చింది. అలా డేటా ఇంజినీర్లయినవాళ్లున్నారు. గాలివాటున హడూప్ యంత్రాల నిర్వహణ ఒక్కటే నేర్చుకున్నవాళ్లకు మాత్రం రెండో దెబ్బ తగిలింది. కంపెనీలు క్లౌడ్ వైపు మళ్లాయి. హడూప్ వ్యాపారంలో పోటీపడ్డ క్లౌడెరా, హార్టన్‌వర్క్స్ 2019లో ఒక్కటయ్యాయి.

ఇప్పుడు యంత్రం ముట్టుకుని చూసే పని లేదు. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లోనూ క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. బ్యాకప్ దానంతటదే జరుగుతుంది. అయినా పాతకాలపు డీబీఏ దాన్ని నమ్మడు. నెలకో శనివారం రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఆ బ్యాకప్‌ను వేరేచోట తెరిచి, వరసలు సరిపోయాయో లేదో లెక్కపెట్టుకుని గానీ లైటు తీయడు.